చేతులు చూపించే డాక్టరు

మొన్న నల్లగొండలో రక్త పరీక్షకు పోయాను. షుగరు ఉందో లేదో చూపించుకోమని మనవరాలి పోరు. కుర్చీలో కూర్చోబెట్టిన పిల్ల నా రెండు చేతుల వంకా చూసి, నరం ఎక్కడుందో వెతుక్కుంటూ, "చేతులు చూపియ్యి అమ్మమ్మా" అంది. అంతే, నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల బిత్తరపోయింది. సూదంటే భయంతో ముసలామెకు మతి చెడిందనుకుందేమో, నా మనవరాలి వైపు చూసింది. జన్మంతా మందికి సూదులు పొడిచి బతికినదాన్ని, నాకు సూదంటే భయమా! నవ్వు తెప్పించింది ఆ మాట. అదే మాట ఒకప్పుడు నేను ఒక డాక్టరుతో రోజూ పొద్దున్నే అనేదాన్ని.

ఆయన పేరు రాయను. ఆయనకు పిల్లలున్నారు, వాళ్లకు పిల్లలున్నారు. అయినా ఆత్మకూరు వైపు పాతవాళ్లెవరైనా ఇది చదివితే ఇట్టే పోల్చుకుంటారు. పోల్చుకోనీ, మంచిదే.

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల్లో నన్ను ఆత్మకూరు సర్కారు దవాఖానకు వేశారు. మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని వచ్చాను. మా నాయన ఊళ్లో చర్చి గంట కొట్టేవాడు, అంతకు ముందు పటేలు చేలో జీతం ఉండేవాడు. ఇంట్లో మొదటి ఉద్యోగం నాది కాబట్టి నాకు కొంచెం పొగరు ఉండేది. నోరు కూడా ఉండేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, అయినా ఊరు మాత్రం మంచిదే దొరికింది.

దవాఖాన అంటే పెంకుల కప్పు, ముందొక వరండా, లోపల మూడు మంచాలు. మందు నీళ్లకు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాలి. కృష్ణ ఒడ్డు ఊళ్లనుంచి ఎడ్లబండ్ల మీద వచ్చేవాళ్లు. డాక్టరు ఒక్కడే. నల్లగొండ మనిషి, హైదరాబాదులో చదివాడు. పొడుగు మనిషి, గడప దాటేటప్పుడు తల వంచడం మరిచిపోయి రోజుకోసారైనా కొట్టుకునేవాడు. కొట్టుకున్న ప్రతిసారీ ఆ ద్వారబంధానికే సలాం చేసేవాడు. జేబుల్లో ఎప్పుడూ వేయించిన పల్లీలు ఉండేవి. సూది వేసిన పిల్లవాడికి గుప్పెడు, ఏడవని పిల్లవాడికి ఇంకో గుప్పెడు, తనకు మిగిలింది. రోగులను చూసే బల్ల మీద ఎప్పుడు చూసినా పల్లీల పొట్టే. నేను ఊడ్చీ ఊడ్చీ విసిగి ఒకనాడు, ఇది దవాఖానా, గానుగా అని అడిగాను. ఆయన నవ్వి పొట్టంతా ఒక్క ఊదు ఊదాడు. అది వచ్చి నా తల మీద పడింది.

చలికాలంలో గుండె చూసే గొట్టం బిళ్లను తన చంకలో పెట్టి వెచ్చబెట్టి, ఆ తర్వాతే ముసలివాళ్ల వీపుకు ఆనించేవాడు. ఎవరికి ఏమున్నా ఒకటే మాట: "ఫికర్ జెయ్యకు, నేనున్న." ఆ మాట వింటేనే సగం జ్వరాలు దిగేవి.

ఆయనకున్న ఫికర్ ఎవరికి తెలుసు? ఎండాకాలంలోనైనా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. పెద్ద చదువు చదివినవాళ్ల తీరు అంతే కాబోలనుకున్నాను. ఒకరోజు పల్లీలు పంచుతూ జోకులు, మరో రోజు చెమటలు, చిరాకు, ముక్కు కారడం. మనిషి ఒకరోజు ఒకలా, ఇంకొకరోజు ఇంకొకలా ఉండేవాడు. పడిశం, పడిశం అనేవాడు. డాక్టరుకే పడిశం తగ్గకపోతే మాకేం తగ్గుతుందని వరండాలో వాళ్లు గుసగుసలాడుకునేవాళ్లు.

ఒక వానాకాలం, పొద్దెక్కే వేళ, ఒక గొల్లాయనను మంచం మీద మోసుకొచ్చారు. బండి బోల్తా పడి తొడ ఎముక విరిగింది. కాలు సరిచేసి కట్టు కట్టి పాలమూరు పెద్దాసుపత్రికి పంపాలి. అంత నొప్పికి ముందు పెథిడిన్ అనే మత్తుమందు సూది వేయాలి. డాక్టరు తానే వేశాడు. కొంచెంసేపు ఆగి కాలు పట్టి లాగితే ఆ మనిషి పెట్టిన కేకలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. సూది వేసిన మనిషి అలా అరవడు. ఇంకొంచెం ఆగుదామన్నాను. ఆగినా అంతే. డాక్టరు కాలు వదిలేసి వరండాలోకి నడిచి, మెట్ల మీద కూలబడ్డాడు. నేను వెనకే పోయాను, ఏమైందోనని.

"ఆ సూదిల ఉన్నయి నీళ్లే సిస్టరమ్మా," అన్నాడు. "మందు పొద్దుగాల నేను తీసుకున్న."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా నోట్లో నుంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. కంచే చేను మేయడమంటే ఇదే కదా! లోపల ఆ మనిషి ప్రాణం పోయేలా మొత్తుకుంటుంటే, ఆయన మందు ఈయన ఒంట్లో ఉంది. మందుల అలమార తాళంచెవి ఇవ్వమని చెయ్యి చాపాను. జేబులోంచి తీసి ఇచ్చాడు. ఈసారి సూదిలోకి నేనే మందెక్కించి నేనే వేశాను. కాసేపటికి గొల్లాయన అరుపులు మూలుగులయ్యాయి, మూలుగులు కూడా సన్నగిల్లాయి. అప్పుడు డాక్టరు వచ్చి కాలు సరిచేశాడు. పని మాత్రం ఎప్పుడూ బాగా చేసేవాడు, అదే నా కడుపుమంట.

ఆ మనిషిని బండెక్కించి పంపాక సంగతంతా తానే చెప్పాడు. నేను రాకముందు ఒక ఎండాకాలం జాతర తర్వాత ఏటి ఒడ్డు ఊళ్లలో గత్తర, అదే కలరా, వచ్చింది. ఒక్కడే తిరిగాడు. కంటి మీద కునుకు లేదు. పిల్లలు కళ్ల ముందే ఎండిపోయి పోతున్నారు. అదే సమయంలో ఆయనకు మూత్రపిండంలో రాయి, మెలితిప్పే నొప్పి. పడుకుంటే ఊళ్లు చూసేవాళ్లు లేరు. ఒక సూది వేసుకుని లేచి పోయాడు. నొప్పి పోయింది, దానితోపాటు ఆ పిల్లల మొఖాలు కూడా కళ్ల ముందు నుంచి పోయాయి. రాయి తర్వాత పడిపోయింది. సూది మాత్రం పోలేదు. పడుకుంటే మళ్లీ ఆ మొఖాలే.

"పైకి రాయి సిస్టరమ్మా. నౌకరి పోతే పోనియ్యి," అన్నాడు.

రాయాలనే అనిపించింది. రాస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఈయనను తీసేస్తారు, దవాఖానకు తాళం పడుతుంది. ఇంకో డాక్టరు వచ్చేదాకా కాన్పులన్నీ దేవుడి మీద భారం. ఈయనా ఎక్కడో ఒక మూల సూదితోనే చస్తాడు. అదీకాక దొరికిపోయినవాడు వేరు, తానై చెప్పినవాడు వేరు. నాకు దేవుడు ఆలోచన ఇచ్చాడో, నా పొగరే ఇచ్చిందో గాని, అప్పటికప్పుడు ఒక షరతు పెట్టాను.

"తాళంచెవి నా దగ్గరుంటది. రోజూ పొద్దుగాల పని షురూ జేసే ముందు అంగీ చేతులు మడిచి నాకు రెండు చేతులు చూపియ్యాలె. చూపియ్యని దినం నేను పైకి రాస్త."

ఆయన తల వంచుకుని విన్నాడు. విని, నిజాయితీపరుడు చూడండి, ఇంకో దొంగదారి కూడా తానే చెప్పాడు. కాళ్లకు కూడా పొడుచుకోవచ్చు కదా, నీకెట్ల తెలుస్తుందన్నాడు. కాళ్లు మీ ఇంటామె చూస్తదన్నాను. అంత బాధలో కూడా ఆయనకు నవ్వొచ్చింది, నాకూ వచ్చింది.

ఆయన భార్య పిల్లల చదువుల కోసం నల్లగొండలో ఉండేది. కబురు పంపితే పిల్లలను తల్లిగారింట ఉంచి వచ్చింది. నెమ్మదస్తురాలు. విన్నది, కొంగు దోపుకుని ఇంటి తలుపులు మూసింది. తర్వాత కొన్నాళ్లు ఆయన పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. వాంతులు, వణుకు, ఒళ్లంతా పురుగులు పాకుతున్నట్టు గోక్కోవడం, గోడకేసి తల కొట్టుకోవడం. డాక్టరు సాబుకు చలిజ్వరమని ఊరికి చెప్పాను. ఊరు ఊరుకుంటుందా? ఒకరు వేపచెక్క కషాయం కాచి తెచ్చారు, ఒకరు మేకపాలు, దర్గా నుంచి ఒకరు తాయెత్తు తెచ్చారు. కురుమ మల్లయ్య అని ఊళ్లో గొర్రెలు కాసే ఒక పెద్దాయన కొత్త గొంగడి తెచ్చి, వణుకు తగ్గేదాకా కప్పుండ్రి అని గుమ్మంలో పెట్టి పోయాడు. అన్నీ వాడాం. తాయెత్తు ఆయన చేతికి నేనే కట్టాను, యేసయ్య ఏమనుకున్నా సరే.

ఆయన లేచి దవాఖానకు వచ్చిన పొద్దున, చిక్కి సగమయ్యాడు. వరండాలో జనం కూర్చుని ఉన్నారు. నేను గడపలో నిలబడి, చేతులు చూపియ్యిండ్రి అన్నాను. లోపలికి పోయాక చూపిస్తానని ఆయన చూపు. కుదరదని నా చూపు. గుండీలు విప్పి, చేతులు మడిచి, అరచేతులు పైకి పెట్టి రెండు చేతులూ చాపాడు. పాత సూది గాట్లు మానుతున్నాయి, కొత్తది లేదు. పక్కకు జరిగి దారిచ్చాను. అది మొదలు రోజూ అంతే.

ఇక ఇక్కడ ఆత్మకూరు మనుషులు చేసిన పని చెప్పాలి. వాళ్లకు చెయ్యి చూపడమంటే తెలిసింది ఒకటే. నాటువైద్యుడి దగ్గర నాడి చూపించుకోవడం. డాక్టరు రోజూ పొద్దున్నే సిస్టరమ్మకు చెయ్యి చూపిస్తున్నాడంటే, సిస్టరమ్మ ఆయన నాడి చూసి పాస్ చేస్తోందని వాళ్ల లెక్క. నాలుగు రోజులు పోయాయో లేదో, ఒక ముసలమ్మ డాక్టరు దగ్గరికి పోకుండా నా ముందుకొచ్చి రెండు చేతులు చాపి నిలబడింది. ఎందుకమ్మా అంటే, సాబే చూపిస్తుంటే నాకేం తక్కువ అంది. ఆమె వెనక ఇంకొకరు, ఆమె వెనక మరొకరు. మిర్చి ఏరిన చేతులు, గొర్రెల బొచ్చు కత్తిరించిన చేతులు, సున్నం కొట్టిన చేతులు. అందరి చేతులూ నా ముందే. తిట్టాను, తరిమాను, లాభం లేదు. చూడకపోతే మందు పట్టదని అలిగి వెనక్కి పోయిన ఘనులున్నారు. చివరికి నేనే ఓడి, ఒక్కొక్క చెయ్యీ చూసి ఊ అని తలూపి లోపలికి పంపేదాన్ని. పనిలో పనిగా ఎవరి గోళ్లు తెల్లబడ్డాయో, ఎవరికి రక్తం తక్కువుందో కనిపించేది, అది వేరే సంగతి.

ఎందుకిదంతా అని పక్క ఊరివాడెవరో మల్లయ్యను అడిగాడట. మల్లయ్య చెప్పిన జవాబు డాక్టరు చెవిన పడి, ఆయనే పొట్ట పట్టుకుని నవ్వుతూ నాకు చెప్పాడు: "వైద్యుని నాడి సక్కగుంటెనే గదరా, మన నాడి దొరికేది."

మనిషి తేలికపడ్డాడు. పల్లీల పొట్టు మళ్లీ బల్ల మీదికొచ్చింది. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచే ఉండేవి. తలనొప్పి వచ్చినా, కాలు బెణికినా వేపచెక్క కషాయమే తాగేవాడు. నాకు ఈ చేదుతోనే దోస్తీ అనేవాడు.

ఇలా చాన్నాళ్లు సాఫీగా పోయాక, ఒక సాయంత్రం ఏటి అవతలి ఊరి నుంచి కాన్పు కష్టమైన పిల్లను తెచ్చారు. మరీ చిన్నది. తేవడమే ఆలస్యమైంది. బిడ్డను దక్కించాడు, తల్లి దక్కలేదు. ఆమె కోసం నేను అలమార తీసి మందు బయటపెట్టాను. ఆ గొడవలో ఒక సీసా ఆయన జేబులోకి పోయింది.

మర్నాడు పొద్దున ఆయన వచ్చిన తీరు చూస్తేనే నాకు తెలిసిపోయింది. మణికట్టు దాకా గుండీలు. వరండా నిండా జనం. గడప దగ్గర నన్ను తప్పించుకుని లోపలికి పోబోయాడు. నేను నోరు తెరవకముందే మల్లయ్య లేచాడు. సాబ్, ఇయ్యాల చెయ్యి చూపియ్యలేదు మీరు, అన్నాడు. ఆయనకేం తెలుసు, మరిచిపోయాడనుకుని గుర్తు చేశాడు. రేపు చూపిస్తాలే తాతా, మొదట నీ సంగతి చూద్దాం రా అన్నాడు డాక్టరు. మల్లయ్య కదలలేదు. మీరు చూపియ్యందే మేమెట్ల చూపిస్తం అన్నాడు. వెనకనున్నవాళ్లు కూడా నిజమేనన్నట్టు కూర్చున్నచోటే కూర్చున్నారు. ఒక్కరూ లేవరు. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. వెనక్కి తిరిగి వీధిలోకి నడిచి పోతాడేమోనని నాకు భయం. పోతే ఆ మనిషి ఇక దొరకడు. నేను అంత భయపడింది నా జన్మలో ఇంకెప్పుడూ లేదు.

ఆయన పోలేదు. మెల్లగా గుండీలు విప్పి, చేతులు మడిచి, నా ముందు చాపాడు. ఎడమ చేతి మీద కొత్త గాటు ఎర్రగా ఉంది.

నేను ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను. జనం వైపు తిరిగి, సాబుకు ఒళ్లు కాలిపోతాంది, ఇయ్యాల పని జెయ్యడు, అన్నాను. ఆయన చెయ్యి మంచులా ఉంది. పచ్చి అబద్ధం, దేవుడు క్షమించాలి. దగ్గులవాళ్లు, చెవిపోటువాళ్లు, మైళ్లు నడిచి వచ్చినవాళ్లు అందరూ లేచారు. ఒక్కరూ గొణగలేదు. మల్లయ్య పోతూ పోతూ ఆయన భుజం తట్టాడు.

"పోయి పండు బిడ్డా. మా దగ్గులు యాడికి పోతయి, రేపటిదాక ఆగుతయి."

లోపలికి పోయాక ఆయన గోడకు ఆనుకుని ఏడ్చాడు. అంత పొడుగు మనిషి ఏడుస్తుంటే చూడలేకపోయాను. ఇక రాయి సిస్టరమ్మా, పైకి రాసెయ్యి అన్నాడు. నాకు కోపమొచ్చింది.

"చూపియ్యకపోతే రాస్తుంటి. చూపిచ్చిండ్రు గద, ఇంకేం రాయాలె? ఏడ్చుడయినంక పోయి ఇంత బువ్వ తిని పండుండ్రి," అన్నాను.

ఆ రోజంతా నిద్రపోయాడు. లేచి మర్నాడు వచ్చి చేతులు చాపాడు. ఆ గాటు మానింది. నేను ఆత్మకూరులో ఉన్నన్నాళ్లూ మరొకటి చూడలేదు. అప్పటినుంచి ఆయన మాటలో ఒక మార్పు వచ్చింది. నేనున్న అనడం మానేసి, ఫికర్ జెయ్యకు, మనమున్నం అనేవాడు. చాలాకాలం గడిచాక ఒకసారి, ఇక చాలు సాబ్, రోజూ ఈ తమాషా ఎందుకన్నాను. నీకు చాలునేమో, నాకు చాలదన్నాడు. నల్లగొండకు బదిలీ అయినప్పుడు, అక్కడ ఎవరికి చూపిస్తరని అడిగితే, ఇంట్ల రెండు కండ్లున్నయి గద అని భార్య వైపు చూసి నవ్వాడు.

తర్వాత నన్ను ఆలేరు వేశారు. అరవైల చివర ఒకరోజు మధ్యాహ్నం ఆయన కూతురు బస్సు దిగి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. బాపుకు కడుపులో క్యాన్సర్ అంది. కోయడానికి కూడా లేదట. నొప్పికి డాక్టర్లు సూది రాస్తే వేసుకోవడం లేదట. మందు పేరు వింటేనే మొఖం గోడ వైపు తిప్పుకుంటున్నాడు, ఎందుకో ఎవరికీ అర్థం కావడం లేదు. అమ్మ మాత్రం ఏమీ చెప్పకుండా, పోయి సిస్టరమ్మను తోలుకరా అంది, అని ఆ పిల్ల ఏడ్చింది.

తిరుగు బస్సుకే నల్లగొండ పోయాను. ఆసుపత్రి మంచం మీద ఆయన ముడుచుకుని, దుప్పటి అంచు పళ్లతో కొరుకుతూ ఉన్నాడు. భార్య తలాపున కూర్చుని ఉంది. ఆమె కళ్లు ఎన్నాళ్లనుంచో నిద్ర ఎరగనట్టున్నాయి. పడుచు నర్సు సూది తయారు చేసుకుని, ఏం చేయాలో తెలియక నిలబడింది. నన్ను చూసి ఆయన మొఖం వెలిగింది, వెంటనే నొప్పితో వంకర పోయింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఈయన రాజూ కాదు, బలమూ లేదు, మొండితనం ఒక్కటే మిగిలింది. మంచం మీద కూర్చుని, ఎందుకు సాబ్ గిట్ల సతాయిస్తున్నరు అని అడిగాను. ఆయన చుట్టూ చూసి, కూతురికి వినపడకుండా నా చెవి దగ్గరగా, సిగ్గుపడుతూ చెప్పాడు.

"మల్ల అలవాటైతదేమో సిస్టరమ్మా."

ఆయనకు మిగిలింది వారమో పది రోజులో. అది ఆయనకు మాకందరికన్నా బాగా తెలుసు, డాక్టరు కదా. అయినా ఆయన భయం అదే.

"కానియ్యుండ్రి సాబ్," అన్నాను. "అలవాటయ్యేదాక బతుకుండ్రి. నేనే మాన్పిస్త."

ఆయన నా మొఖంలోకి చూశాడు. ముందు పెదవులు కదిలాయి, తర్వాత పక్కటెముకలు, ఆ తర్వాత మంచమే ఊగింది. నవ్వుతున్నాడు. నొప్పికి వంకరపోతూ, కళ్లలో నీళ్లు కారుతూ, ఆపుకోలేక నవ్వుతున్నాడు. తలాపున ఉన్న భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కూతురు ఒక్కతే ఏమీ తెలియక మా ముగ్గురినీ చూస్తూ నిలబడింది. నేను నర్సు చేతిలోంచి సూది తీసుకుని వేశాను. కాసేపటికి ఆయన నొసటి మీద ముడతలు విడిపోయాయి, కొరుకుతున్న దుప్పటి అంచు నోట్లోంచి జారింది. నిద్ర పట్టింది. అన్నం తిని ఎన్ని పూటలైందని అడిగి, ఆయన భార్యను కూతురితో ఇంటికి పంపి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. మళ్లీ సూది పట్టుకుంటాడేమోనన్న భయం లేకుండా ఆయన పక్కన కూర్చోవడం నాకు అదే మొదటిసారి.